ట్యాబుల ట్యూషన్‌కి 7 నెలలు పంపించినాం, నా రివ్యూ

ముందే చెప్పేస్తా, 5కి 3 స్టార్లు. ఆగస్టులో అడిగుంటే 5 ఇచ్చేవాణ్ణి, డిసెంబర్‌లో అడిగుంటే ఒకటి ఇచ్చేదానికి కూడా చెయ్యి వచ్చేది కాదు, అందుకని 3. సెంటర్ పేరు రాయను. తిరుపతిలోనే ఉంది, మా ఇంటినించి బండిమీద పది నిమిషాలు, అంతవరకే. నాది యూనివర్సిటీ పక్కన జిరాక్స్, బైండింగ్ షాపు, వాళ్ళ పాంప్లెట్లు కూడా నా మిషన్లోనే పడినాయి, రేపు మళ్ళీ ముఖాలు చూసుకోవాల కదప్పా. ఇట్లాంటివి ఇప్పుడు ఊర్లో వీధికొకటి తెరస్తా ఉండారు, పిలకాయల్ని చేర్పించేముందు ఏమి చూడాలో నాలుగు మాటలు తెలిస్తే మేలని రాస్తా ఉన్నా. కొంచెం పొడుగైంది, ఓపికుంటేనే చదవండి.

మాకిద్దరు. పెద్దోడు ఎనిమిదో తరగతి, చిన్నది ఐదో తరగతి. 2020 మార్చిలో బడులు మూసేసినప్పుడు పెద్దోడు రెండో తరగతి, ఆ తర్వాత మూడంతా ఫోన్లోనే జరిగింది, అంటే జరగలేదని అర్థం, వీడియో ఆన్ చేసి దిండుకి ఆనించి పెట్టి వీధిలోకి ఆడుకోను పొయ్యేవాడు, నేనేమో షాపు మూసేసుకోని అప్పుల లెక్కలు చూసుకుంటా ఉన్నా, ఎవరు పట్టించుకునేది. ఎక్కాలు గట్టిపడాల్సిందీ, సగం పావు అనేవి బుర్రలోకి ఎక్కాల్సిందీ ఆ టైములోనే. ఐదు దాకా తెలుగు మీడియం, ఆరులో ఇంగ్లీష్ మీడియంకి మార్చినాం, అందరూ మారస్తా ఉంటే మనం గమ్మున ఎట్లుంటాం అని. ఏడులో లెక్కల్లో 25కి 6. అప్పటికే ఒక ట్యూషన్‌కి పోతా ఉండాడు, అక్కడ 40 మంది, సార్ బోర్డుమీద చేస్తాడు వీళ్ళు దించుకుంటారు, నోట్సు చూస్తే ముత్యాల్లాంటి అక్షరాలు, లెక్కలన్నీ కరెక్టు, నోట్సు మూసి అదే లెక్క ఇస్తే పెన్ను కదలదు. ఆ సార్ని అనేదానికేం లేదు, 40 మందిలో ఎవడికి యాడ తెగిపోయిందో ఒక్క మనిషి గంటలో ఎట్లా కనిపెడతాడు.

మే నెలలో ఈ సెంటర్ వాళ్ళు పాంప్లెట్ ప్రింటింగ్‌కి వచ్చినప్పుడే చదివినా. ఏఐ, పర్సనలైజ్డ్ లెర్నింగ్, స్టూడెంట్ సెంట్రిక్ అని పెద్దక్షరాలు. నాకు నవ్వొచ్చింది. ఎందుకంటే పదిహేనేళ్ళుగా బీఈడీ పిలకాయలు 'విద్యార్థి కేంద్రిత బోధన' అని రికార్డులు నా దగ్గరే బైండింగ్ చేయించుకుంటారు, పేరూ రోల్ నంబరూ మారుస్తారు, లోపల మ్యాటర్ అంతా ఒకటే. ఒకడైతే పేరు మార్చడం కూడా మర్చిపోయి సీనియర్ పేరుతోనే ప్రింట్ తీసుకోని పోయినాడు, సాయంత్రం పరిగెత్తుకుంటా వచ్చినాడు. పిల్లోడు ఒక్కొక్కడు ఒక్కో మాదిరి నేర్చుకుంటాడు అని 60 పేజీలు, అందరికీ అవే 60 పేజీలు. అయినా ఆ కాగితాలన్నీ తీసి తీసి నాక్కూడా రొంత అంటుకుంది, మిషన్ తిరగతా ఉంటే చదవకుండా ఏంచేస్తాం.

జూన్‌లో ఇద్దర్నీ చేర్పించినా. ఫీజు ఒకరికి నెలకి 2,800, ఇద్దరని 5,000కి ఒప్పించినా, రిజిస్ట్రేషన్ 1,500, ట్యాబుకి డిపాజిట్ ఒక్కొక్కరికి 1,000. మేడమీద రెండు రూములు, ఏసీ, చెప్పులు మెట్లకింద, బాత్రూం నీట్‌గా ఉంటాది. పార్కింగ్ లేదు, రోడ్డుమీదే పెట్టాల, గరుడ సేవ, వైకుంఠ ఏకాదశి లాంటి రోజుల్లో ఆ రోడ్డులో పిల్లల్ని దింపడం అంటే ఆయన దర్శనం చేసుకోని వచ్చినంత పని. హెడ్‌ఫోన్లు సగం ఒక చెవికే వినిపిస్తాయి, ఇంటినించి తీసుకుపోండి.

ఇప్పుడు అసలు సంగతి. మొదటి రోజు ట్యాబు ఇచ్చి పరీక్ష పెట్టినారు. అందరికీ ఒకే పేపర్ కాదది. ఒక లెక్క కరెక్టయితే రొంత కష్టంది వస్తాది, తప్పయితే దానికంటే కిందిది, అదీ తప్పయితే ఇంకా కిందిది, బావిలో చేద దించినట్టు నీళ్ళు తగిలేదాకా దించతానే ఉంటాది. మావోడికి ఎనిమిదో తరగతి సమీకరణాల దగ్గర మొదలై, ఏడు, ఆరు, ఐదు దాటి నాలుగో తరగతి భిన్నాల దగ్గర తగిలింది. స్కూల్‌కి ఫీజు కట్టింది ఎనిమిదికి, వాడుండేది నాలుగులో. నాకు కడుపులో తిప్పేసింది. మా ఆవిడ అయితే ఇంటికొచ్చి అన్నం తినలేదు.

కానీ ఆ రిపోర్టులో మార్కు ఒక్కటే లేదు, ఏ తప్పు ఎట్లా చేస్తా ఉండాడో కూడా ఉంది, అది బాగా నచ్చింది నాకు. సగం, మూడో వంతు కూడమంటే పైవి పైన కూడి కిందవి కింద కూడి 2/5 అని పెట్టినాడు. 0.45, 0.6లో ఏది పెద్దదంటే 0.45 అంట, 6 కంటే 45 పెద్దది కదా అని. 3ఎక్స్‌కి 4 కలిపితే 7ఎక్స్ అంట. ఎన్ని లెక్కలిచ్చినా అవే మూడు తప్పులు. అంటే వాడు బుర్ర లేక తప్పు చెయ్యడం లేదు, తప్పు రూలు ఒకటి సొంతంగా తయారుచేసుకోని దాన్ని పద్ధతిగా పాటిస్తా ఉండాడు, ఇన్నేళ్ళు మేమంతా చూసిన ఎర్ర ఇంటూ మార్కు కింద ఉన్నది ఇదంట. ఇది చెప్పింది ట్యాబు కాదు, అక్కడ లెక్కలు చెప్పే మేడం. ట్యాబులో పట్టిక మాదిరి వస్తాది, ఎర్రగా, పచ్చగా గడులు. దాన్ని చదివి 'సార్, మీవోడికి పాయింటు తర్వాత అంకెలంటే ఏందో తెలీదు, అది తెలిసినాకే మిగతావి' అని నాకర్థమయ్యేట్టు చెప్పింది ఆమె.

ఆమె చేసింది రాయకపోతే పాపం తగులుతాది. రెండో వారం ఇంటినించి కూరగాయల కాటా తెచ్చింది, ఎలక్ట్రానిక్‌ది. టమోటాలు పెట్టి 0.450 వచ్చినాక ఆపింది, ఇంకో కవర్లో 0.600. 'ఏది తీసుకుంటావు రా ఒకే రేటుకైతే' అనింది. మావోడు రెండోది పట్టుకున్నాడు. 'మరి నిన్న ట్యాబులో 45 పెద్దదంటివే' అనింది. వాడు ఇంటికొచ్చి కాటా గురించే చెప్పినాడు ఆ రాత్రంతా. భిన్నాలకి దోసె. అర దోసె తిన్నావు, ఇంకో మూడో వంతు తిన్నావు, నీ లెక్క ప్రకారం ఐదింటిలో రెండొంతులు, అది అరకంటే తక్కువ కదరా, తినేకొద్దీ తగ్గిందా, కడుపులోంచి ఎవరన్నా ఎత్తుకుపోయినారా అని అడిగిందంట. పిలకాయలంతా పడీపడీ నవ్వినారంట. ఆ నవ్వుతో వాడి తప్పు రూలు పోయింది, నోట్సులో వెయ్యిసార్లు రాపించినా పోనిది. ఆ తర్వాత ట్యాబులో అట్లాంటివే 30 లెక్కలు ఇచ్చి గట్టిపరిచింది, ఆ పని మాత్రం ట్యాబు బాగా చేస్తాది, విసుక్కోదు, తిట్టదు, తప్పు చేసిన నిమిషంలోనే చెప్తాది, సాయంత్రం దాకా ఆగక్కర్లేదు.

క్లాసు గంటన్నర, సగం టైము ట్యాబు, సగం టైము మేడం. గుంపులు తరగతి ప్రకారం కావు, ఎవరు ఏ మెట్టుమీద ఉంటే ఆ మెట్టువాళ్ళంతా జతగా. దీంతోనే మొదట గొడవైంది. మావోడు మీసం వచ్చే వయసు, తీసుకుపోయి ఐదో తరగతి వాళ్ళతో కూర్చోబెట్టినారు, అందులో చిన్నదాని ఫ్రెండు కూడా ఉంది. రెండు రోజులు పోనని మొండికేసినాడు. మూడోరోజు మేడమే ఫోన్ చేసి, మీ అబ్బాయి పొడుగున్నాడు కదా బోర్డుమీద పైన గీసేదానికి కావాల పంపించండి అనింది. పోయినాడు. వారం తిరక్కుండా ఆ చిన్నపిలకాయలకి దోసెలు గీసి చూపించేది వీడే. ఇంకొకడికి చెప్పాలంటే ముందు తనకి రావాల కదా, రాత్రి కూర్చోని చూసుకోని పొయ్యేవాడు. నేను కూర్చోబెట్టకుండా వాడంతట వాడే పుస్తకం ముందర కూర్చోవడం చూసింది అదే ఫస్ట్ టైము.

ఈ సగం సగం పద్ధతి ఆమె కనిపెట్టింది కాదు. మా షాపుకొచ్చే ఎడ్యుకేషన్ డిపార్ట్‌మెంట్ స్కాలర్ ఒకమ్మాయి ఒక పేపర్ ప్రింట్ తీసుకుంటే ఇంకో కాపీ నేనూ తీసుకున్నా. ఢిల్లీలో మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్‌తో బడి అయినాక నడిపిన సెంటర్ల మీద కార్తీక్ మురళీధరన్ అనే ఎకనామిస్టు వాళ్ళు చేసిన స్టడీ, 2019లో అమెరికన్ ఎకనామిక్ రివ్యూ అనే జర్నల్లో వచ్చింది. అక్కడ కూడా రోజుకి గంటన్నర, 45 నిమిషాలు కంప్యూటర్ ముందర, 45 నిమిషాలు చిన్న గుంపులో మనిషి దగ్గర. నాలుగున్నర నెలల్లోనే లెక్కల్లో, హిందీలో బాగా తేడా కనపడింది. చేరేటప్పటికే ఆరో తరగతి పిల్లోడు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనకబడి ఉండాడంట, అది చదివినాక మా ఆవిడకి చూపించినా, మనోడొక్కడే కాదే అని. ఇంకో మాట కూడా ఉంది అందులో, లెక్కల్లో బడి పరీక్ష మార్కులు మాత్రం పెద్దగా కదల్లేదు, ఎందుకంటే పిల్లోడు మూడు నించి ఐదుకి ఎక్కినా బడిలో పేపర్ ఏడుది ఇస్తారు కదా. ప్రోగ్రెస్ కార్డు పట్టుకోని నెలకే కొట్లాటకి పొయ్యే అమ్మానాన్నలు ఇది గుర్తుపెట్టుకోండి. మొదటి రెండు నెలలు నేనూ పోయినా కొట్లాటకి, అందుకే చెప్తా ఉన్నా.

బీఈడీ రికార్డుల్లో తప్పకుండా వచ్చే పేరు బెంజమిన్ బ్లూమ్, చదువుల మీద పరిశోధన చేసిన అమెరికా ఆయన. 1984లో ఆయన రాసింది ఏందంటే, మామూలు క్లాసులో సగటుగా ఉండే పిల్లోడికి ఒక్కడికే ఒక టీచర్ కూర్చోని చెప్తే, క్లాసులో పైనుండే 2 శాతం పక్కకి పోతాడని. తర్వాత చేసినవాళ్ళకి అంత తేడా రాలేదు గానీ తేడా అయితే ఉంది. సమస్యల్లా పిల్లోడికొక టీచర్‌ని పెట్టే డబ్బులు ఏ దేశానికీ లేవు, అందుకే అందరూ మిషన్ల వెంట పడినారు. బడిలో ఉండే పిల్లలని తరగతి ప్రకారం కాకుండా వాళ్ళకి వచ్చినదాని ప్రకారం గుంపులు కట్టడం ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ళు ట్యాబులు లేకుండానే ఎన్నో రాష్ట్రాల్లో చేసినారు.

ట్యాబు లేకుండా అంటే ఇంకో సంగతి గుర్తొచ్చింది, ఇది రివ్యూకి సంబంధం లేదనుకుంటే దాటేయండి. మా ఆవిడది కురబలకోట వైపు. వాళ్ళ చిన్నాన్న కొడుకు అక్కడి రిషీవ్యాలీ స్కూలు వాళ్ళు చుట్టుపక్కల పల్లెల్లో పెట్టిన చిన్న బడిలో చదివినాడు. పెళ్ళిళ్ళలో కలిస్తే ఆ బడి గురించే చెప్తా ఉంటాడు, నేను ఎచ్చులనుకునేవాణ్ణి. ఒకే రూము, ఒకటి నించి ఐదు దాకా అందరూ అక్కడే, ఒకరో ఇద్దరో టీచర్లు. పాఠం అంతా కార్డులుగా కోసి పెట్టినారంట, కార్డుమీద జంతువుల బొమ్మలు, గోడకి ఒక పెద్ద నిచ్చెన పటం. పిల్లోడు వచ్చి నిచ్చెనలో తన మెట్టు చూసుకోని, ఆ బొమ్మ ఉన్న కార్డు తనే తీసుకోని కూర్చుంటాడు. ముందు కొత్త సంగతి చెప్పే కార్డు, తర్వాత అలవాటు చేసేవి, తర్వాత పరీక్ష కార్డు, పరీక్షలో తప్పితే దానికి వేరే కార్డు, గెలిస్తే ఇంకొంచెం మజా వచ్చే కార్డు. నాలుగు రోజులు జ్వరమొచ్చి పోకపోయినా పాఠం వెళ్ళిపోదు, వచ్చి ఆగిన మెట్టుమీదే మొదలుపెడతాడు. పిల్లలకి అందేట్టు నల్లబల్ల గోడకి కింది భాగంలోనే ఉండేదంట. మన పాత చిత్తూరు జిల్లాలో 1980లలో మొదలైన పని ఇది, పద్మనాభరావు, రమా అని భార్యాభర్తలు నడిపినారు, 2003లో మద్రాసు కార్పొరేషన్ బడులు తీసుకోని తర్వాత తమిళనాడంతా పెట్టుకున్నారు. మా సెంటర్ ట్యాబు చేసేది అచ్చం అదే, కార్డు బదులు స్క్రీను, బొమ్మ బదులు లెక్క కరెక్టయితే వచ్చే కాయిన్లు. ఇంటి పక్క మామిడి తోట పెట్టుకోని సూపర్ మార్కెట్లో పళ్ళు కొన్నట్టుంది మన సంగతి.

సరే, ట్యాబుకే సాధ్యమయ్యేది కూడా ఒకటి చూసినా. ఆ గుంపులోనే ఒక పిల్లోడు, మాట బ్రహ్మాండం, నోటి లెక్కలు చురుగ్గా చేస్తాడు, చదవమంటే మాత్రం అక్షరాలు తారుమారు, బి కి డి కి తేడా తెలీదు. డిస్లెక్సియా అని మేడం వాళ్ళమ్మకి చెప్పి డాక్టరుకి చూపించమనింది. 2016 దివ్యాంగుల చట్టంలో ఇది కూడా ఉంది, సర్టిఫికెట్ ఉంటే పరీక్షల్లో సౌకర్యాలు ఇస్తారని కూడా ఆమే చెప్పింది, వాళ్ళమ్మ ఆ కాగితాలు మా షాపులోనే జిరాక్స్ తీయించుకుంది. ఆ పిల్లోడికి ట్యాబులో అక్షరాలు పెద్దవి చేసి, లైన్ల మధ్య గ్యాప్ పెంచి, ప్రశ్న చెవిలో చదివి వినిపించేట్టు పెట్టినారు. చెవితో విన్నాక టకటకా చేసేసేవాడు. బడిలో మొద్దు అని పేరు పడినోడు. కాగితం ఆ పని చెయ్యలేదు, ఒప్పుకోవాల.

భాష దగ్గర మాత్రం ఆ సాఫ్ట్‌వేర్ దండగ. మావోడికి సగం లెక్కలు రాంది లెక్క రాక కాదు, ఇంగ్లీషులో 'రిమెయినింగ్' అంటే మిగిలింది అని తెలీక. తెలుగు బటన్ ఉంది, నొక్కితే లవం, హారం, క.సా.గు. అని వస్తాది, తెలుగు మీడియంలో విని మర్చిపోయిన మాటలు, ఇప్పుడు స్కూల్లో న్యూమరేటర్, ఎల్‌సీఎం అంటారు, రెండింటికీ మధ్య వేలాడతా ఉంటాడు. వాక్యాలు కూడా మనిషి మాట్లాడినట్టు ఉండవు, 'రాము వద్ద గల మామిడి పండ్ల యొక్క' అని మొదలవుతాది, రాము దగ్గర మామిడికాయలు ఉన్నాయి అనేదానికి ఏమొచ్చింది. సర్కారు బడి పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉంటాయి, అవి తెచ్చి పక్కన పెట్టుకోమనింది మేడం, అది పనిచేసింది. ప్రైవేటు స్కూలు పిల్లోడు సర్కారు పుస్తకం పట్టుకుంటే మా బావమరిది నవ్వినాడు, నవ్వనీ.

చిన్నదాని గురించి రెండు ముక్కలు. అది చురుకు, ట్యాబు దాన్ని ఆపలేదు, సెప్టెంబర్‌కి ఏడో తరగతి లెక్కల్లో ఉంది. సెంటర్ వాళ్ళు దాని ఫోటో ఫ్లెక్సీమీద వేస్తామన్నారు, వద్దన్నా. ఒంటరిగా కూర్చోని నొక్కతా నొక్కతా పోతాది, అడిగితే జవాబు చెప్తాది, ఎట్లా వచ్చింది అంటే భుజాలెగరేస్తాది. మేడం ఉన్నన్నాళ్ళు వారానికి రెండుసార్లు ట్యాబు లాక్కోని నోటితో చెప్పమనేది.

ఉన్నన్నాళ్ళు అన్నా కదా. 2025 మెగా డీఎస్సీలో ఆమెకి ఉద్యోగం వచ్చింది, 16,347 పోస్టుల్లో ఒకటి. దసరా అయినాక మానేసింది, జిల్లాలోనే ఒక పల్లెలో సర్కారు బడి. మేమంతా స్వీట్లు పంచినాం, లోపల మాత్రం గుండెల్లో రాయి పడింది. పోయి మేనేజర్‌ని అడిగినా, కొత్త మేడం ఎప్పుడొస్తాది అని. ఆయన మాట నాకిప్పటికీ చెవుల్లో ఉంది: 'సార్, మాది పూర్తిగా సిస్టమ్, అంతా సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది, టీచర్ ఎవరైనా ఒకటే.'

నవంబర్‌లో ఇంటర్ అయిపోయిన ఒక పిల్లోణ్ణి కూర్చోబెట్టినారు, మంచోడే, పాపం వాడి పని వైఫై రీస్టార్ట్ చెయ్యడం, ఛార్జింగ్ పెట్టడం. బ్యాచ్ 12 మంది ఉన్నది 28 అయింది. మేడంతో ఉండే 45 నిమిషాలు తీసేసి గంటన్నరా ట్యాబే. వాన పడితే నెట్ రాదు, ఆ రోజు వీడియోలు కూడా రావు, పిలకాయలు రాక్షసుల మాదిరి రూమంతా తిరగతా ఉంటారు.

అప్పుడు మావోడు తెలివి మీరినాడు. నాలుగు ఆప్షన్లు ఉంటాయి కదా, చదవకుండా టకటకా నాలుగూ నొక్కితే ఏదో ఒకటి పచ్చగా వస్తాది, హింట్ మూడుసార్లు నొక్కితే నాలుగోసారి జవాబే చూపిస్తాది. ఇంకా పెద్ద తెలివి, నెల పరీక్షలో కావాలని తప్పులు పెడితే కిందికి దింపతాది, అక్కడ అన్నీ ఈజీ, కాయిన్లే కాయిన్లు. 4,000 కాయిన్లు సంపాదించినాడు, సెంటర్లో టాపర్ అని వాట్సాప్ గ్రూపులో వేసినారు. నాకు వచ్చిన రిపోర్టులో 'ఎంగేజ్‌మెంట్ 96 శాతం'. నేను మురిసిపోయి మా అన్నకి ఫార్వర్డ్ చేసినా. చిన్నది చెప్పింది అసలు కథ, అన్నయ్య చదవడం లేదు నాన్నా నొక్కతా ఉండాడు అని. వాణ్ణి తిట్టలేకపోయినా, మిషన్ ఏమడిగిందో అది ఇచ్చినాడు, నొక్కమనింది నొక్కినాడు. మేడం ఉండుంటే ఒక్కో లెక్కకి మూడు సెకన్లు పట్టింది చూసి ఆ రోజే చెవి పట్టుకునేది, ఆ సెకన్లు కూడా రిపోర్టులో ఉన్నాయి, చూసే కన్నే లేదు.

డేటా సంగతి ఒకటి. చేరేటప్పుడు యాప్‌లో పిల్లల ఫోటో, పుట్టినరోజు, స్కూలు పేరు, నా నంబర్ అన్నీ అడిగింది, ఇచ్చేసినా, ఫారం కింద టిక్ పెట్టినా ఏముందో చదవకుండానే. డిసెంబర్ నించి రోజుకి రెండు ఫోన్లు, మీ అమ్మాయి లెక్కల్లో ఫాస్టంట కదా ఐఐటీ ఫౌండేషన్‌లో వెయ్యండి అని. ఐదో తరగతి పిల్లకి. అది లెక్కల్లో ఫాస్టని వాళ్ళకెట్లా తెలుసు? 18 ఏళ్ళలోపు పిల్లల డేటా వాడుకోవాలంటే అమ్మానాన్నల అనుమతి ఉండాలని 2023లో చట్టమైతే చేసినారు, మీరు మాత్రం నా మాదిరి టిక్ పెట్టకుండా ముందు చదవండి.

డిసెంబర్ ఆఖరుకి మాన్పించేసినా. ఇప్పుడు ఇంట్లోనే. పుస్తకాల్లో ఉండే క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే సర్కారు వాళ్ళ దీక్షా యాప్‌లో వీడియోలు వస్తాయి, ఖాన్ అకాడమీ కూడా ఫ్రీనే, అది మొదలైంది కూడా 2004లో ఒకాయన వేరే ఊర్లో ఉన్న చిన్నాన్నగారమ్మాయికో ఎవరికో ఫోన్లో లెక్కలు చెప్పడంతోనే, అంటే అక్కడా ముందు మనిషే, వీడియో తర్వాత. రాత్రి షాపు మూసినాక ఒక గంట నేను పక్కన కూర్చుంటా. నాకు లెక్కలు రావు, అది నిజం, కానీ 'ఎట్లా వచ్చింది చెప్పు' అని అడగడం వచ్చు, మేడం దగ్గర నేర్చుకున్నా. ఆ రిషీవ్యాలీ బడిలో చదివిన బావమరిది చెప్పిన కార్డులు కూడా చేసినా, మా షాపులో అట్ట కాగితానికి కొదవా, 200 జీఎస్ఎం మీద ప్రింట్ కొట్టి లామినేషన్ చేసి 80 కార్డులు, బీరువా తలుపుకి నిచ్చెన అంటించినాం. బొమ్మలు చిన్నది గీసింది, నక్కలే ఎక్కువ. అరసంవత్సరం పరీక్షలో పెద్దోడికి 80కి 34 వచ్చింది. గొప్పేం కాదు. పేపర్ తెచ్చి ఈ రెండు తప్పు నాకు తెలుసు నాన్నా ఎందుకు పోయినాయో అన్నాడు, అది నాకు చాలు ఇప్పటికి.

మీరు పోవాలనుకుంటే డెమో రోజు ట్యాబులు, ఏసీ చూసి రావద్దు. పోయినవారం చేరిన ఎవరన్నా ఒక పిల్లోడి రిపోర్టు తియ్యమనండి, పేరు మూసేసే చూపించమనండి, ఈ ఎర్రగడికి మీరేం చేసినారు అని అడగండి. ఎవరన్నా లేచి కాటా, దోసె లాంటి కథ చెప్తే 2,800 కాదు 3,500 అయినా కట్టండి. సిస్టమ్ చూసుకుంటాది అంటే చెప్పులేసుకోని మెట్లు దిగండి. టీచర్ మారితే డబ్బులు వాపస్ ఇస్తారా అని కూడా కాగితంమీద రాయించుకోండి, నేను రాయించుకోలేదు.

ట్యాబుల డిపాజిట్ 2,000 ఇంకా రావాల. అడిగితే అకౌంట్స్ సెక్షన్ చూసుకుంటుంది అంటా ఉండారు. వచ్చిన రోజు నాలుగో స్టారు కలుపుతా.